ఒక్క స్టార్ ఆటగాడి చుట్టూ అల్లిన దాడి: బాస్కెట్‌బాల్ వ్యూహ పరిమితులు – హైదరాబాద్ క్రీడానుభవం

వ్యాససంగ్రహం:

జట్టులో ఒకరు మిగిలిన నలుగురికంటే స్పష్టంగా మెరుగైనవారైతే, దాడి భారమంతా ఆ ఒక్కరిమీదే మోపడం బాస్కెట్‌బాల్‌లో తరచుగా కనిపించే వ్యూహం. ఈ వ్యూహం ఎంతవరకు ఫలిస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాంపల్లి, అబిడ్స్ దారుల రద్దీని ఉదాహరణగా తీసుకొని సగటు ఫలానికీ, అదనపు ఫలానికీ గల భేదాన్ని వివరిస్తుంది. స్టార్ ఆటగాడికి ఇవ్వదగిన వాటాను నిర్ణయించేది అతని ప్రతిభ ఒక్కటే కాదనీ, తక్కిన నలుగురి సామర్థ్యం కూడా అంతే ముఖ్యమనీ, ఆ సామర్థ్యం సాధనలో రూపొందుతుందనీ ప్రతిపాదిస్తుంది. ఇందుకు హైదరాబాద్ ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనుసరించిన సాధనపద్ధతిని ఆధారంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: బాస్కెట్‌బాల్, దాడి వ్యూహం, వినియోగ వాటా, సగటు ఫలం, జోన్ రక్షణ, సయ్యద్ అబ్దుల్ రహీం, అబిడ్స్, నాంపల్లి.

1. ఉపోద్ఘాతం:

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ రూపొందించిన బాస్కెట్‌బాల్‌కు పెద్ద మైదానం అవసరం లేదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ ఆట కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఫుట్‌బాల్ మైదానంలో ఇది సరిగ్గా పదిహేడో వంతు. నగరం నడిబొడ్డున ఇరుకైన ఆవరణలలో నడిచే విద్యాసంస్థలకు ఇంతకంటే అనువైన జట్టు ఆట అరుదు. 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, 1855 నాటి ఆల్ సెయింట్స్ హైస్కూల్ వంటి పాత పాఠశాలలున్న అబిడ్స్, గన్‌ఫౌండ్రీ ప్రాంతం ఇటువంటి నగర పరిసరాలకు మంచి ఉదాహరణ.

పాఠశాల, కళాశాల స్థాయి జట్లలో నైపుణ్యం సమంగా ఉండదు. పన్నెండుమందిలో ఒకరో ఇద్దరో చిన్నప్పటినుంచి ఆడినవారుంటారు. మిగిలినవారు కళాశాలలో చేరిన తరువాతే బంతి పట్టినవారు. టోర్నమెంటు మూడు రోజులలో ముగుస్తుంది, ఓడిన జట్టు ఆ పూటే ఇంటిదారి పడుతుంది. ఇటువంటి స్థితిలో "బంతి వాడికే ఇవ్వండి" అనడం శిక్షకుడికి సహజంగా తోచే ఆలోచన. ఆ ఆలోచనలో కొంత నిజముంది. ఆ నిజానికి హద్దు ఎక్కడ అన్నదే ఈ వ్యాసవిషయం.

2. మౌలిక భావనలు:

చర్చకు ముందు మూడు పదాలను నిర్వచించుకోవాలి. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటినుంచి, ఆ జట్టు షాట్ వేసో, బంతిని పోగొట్టుకునో ముగించేవరకు గల వ్యవధిని 'దాడి' అంటున్నాం. జట్టు చేసిన మొత్తం దాడులలో ఒక ఆటగాడి చేతిమీదుగా ముగిసినవి నూటికి ఎన్నో అది అతని 'వినియోగ వాటా'. ఐదుగురూ సమంగా పంచుకుంటే ఒక్కొక్కరి వాటా 20 శాతం. ఆ ఆటగాడు ముగించిన ఒక్కొక్క దాడికి సగటున లభించిన పాయింట్లు అతని 'సగటు ఫలం'.

వాటా పెరిగినకొద్దీ సగటు ఫలం సాధారణంగా తగ్గుతుంది. ఇందుకు కారణాలు మూడు. మొదటిది, ఏ ఆటగాడైనా తనకు అత్యంత అనుకూలమైన అవకాశాలనే ముందుగా వాడుకుంటాడు. వాటా పెంచితే అదనంగా చేరేవి కష్టమైన షాట్లే. రెండవది, బంతి ఎవరికి వెళ్తుందో ముందే తెలిసిన ప్రత్యర్థి, ఇద్దరు ముగ్గురిని అతని మీదికి పంపుతాడు. మూడవది, అలసట. దాడిలో ప్రతిసారీ బంతి మోసినవాడికి నాలుగవ క్వార్టర్‌లో కాళ్లు సహకరించవు. షాట్‌లో బలం కాళ్లనుంచే వస్తుంది కనుక అతడు వేసిన బంతి రింగు ముందు అంచుకు తగిలి వెనక్కి వస్తుంది.

ఆటగాడి వాటాకూ, సగటు ఫలానికీ గల ఈ విలోమ సంబంధాన్ని డీన్ ఆలివర్ 2004లో వెలువరించిన 'బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్' గ్రంథంలో నైపుణ్య వక్రరేఖల రూపంలో చర్చించాడు. భౌతిక శాస్త్రవేత్త బ్రయన్ స్కిన్నర్ 2010లో ప్రచురించిన 'ది ప్రైస్ ఆఫ్ అనార్కీ ఇన్ బాస్కెట్‌బాల్' అనే పరిశోధన పత్రంలో దీనిని రహదారుల రద్దీ సిద్ధాంతంతో అనుసంధానించాడు. ఆ అనుసంధానాన్ని మన దారుల మీద పరిశీలించవచ్చు.

3. నాంపల్లినుంచి అబిడ్స్‌కు రెండు దారులు:

1907లో నిర్మించిన నాంపల్లి రైల్వేస్టేషన్‌నుంచి అబిడ్స్ కూడలికి స్టేషన్ రోడ్డు దగ్గరి దారి. చాపెల్ రోడ్డు పట్టి గన్‌ఫౌండ్రీ మీదుగా వెళ్లడం చుట్టుదారి. విషయం సులభంగా బోధపడటానికి కొన్ని ఊహాసంఖ్యలు తీసుకుందాం. వంద వాహనాలు ఒకేసారి బయలుదేరాయి. దగ్గరి దారి ఖాళీగా ఉంటే ప్రయాణానికి 5 నిమిషాలు చాలు. కాని దానిలోకి చేరిన ప్రతి పది వాహనాలకూ అందరి ప్రయాణమూ ఒక్కొక్క నిమిషం పెరుగుతుంది. చుట్టుదారిలో ఎందరు వెళ్లినా 13 నిమిషాలే.

ఎవరికివారు తమకు తొందరగా చేరే దారిని ఎంచుకుంటే, దగ్గరి దారిలో 80 వాహనాలు చేరేవరకు రద్దీ పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆ దారిలోనూ 13 నిమిషాలే పడుతుంది. అంటే వందమందికీ సగటున 13 నిమిషాలు. దగ్గరి దారి ఉన్నా లేకున్నా ఒకటే. అలాకాక దగ్గరి దారిలోకి 40 వాహనాలనే అనుమతిస్తే, వాటికి 9 నిమిషాలు, తక్కిన 60కి 13 నిమిషాలు పడుతుంది. మొత్తంమీద సగటు 11.4 నిమిషాలు. నుమాయిష్ జరిగే రోజులలో పోలీసులు కొన్ని వాహనాలను చుట్టుదారికి మళ్లించడం వెనుక ఉన్న తర్కం ఇటువంటిదే. ఆర్థికవేత్త పిగూ 1920లోనే రెండు దారుల ఉదాహరణతో ఈ విషయాన్ని చర్చించాడు.

స్టార్ ఆటగాడు దగ్గరి దారి వంటివాడు. తక్కిన నలుగురు చుట్టుదారి. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. వాహనచోదకులు ఎవరికివారు నిర్ణయించుకుంటారు. జట్టులో నిర్ణయించేది శిక్షకుడు. కనుక రోడ్డుమీద అనివార్యమైన నష్టాన్ని కోర్టులో నివారించవచ్చు. నివారించకపోవడానికి కారణం, లెక్కను తప్పుగా చదవడం.

4. సగటు ఫలం, అదనపు ఫలం:

ఇక్కడ కూడా ఊహాసంఖ్యలే. స్టార్ ఆటగాడు అతి తక్కువ దాడులు ముగించినప్పుడు అతని సగటు ఫలం 1.2 పాయింట్లు. వాటా ప్రతి 10 శాతం పెరిగినప్పుడల్లా అది 0.05 చొప్పున తగ్గుతుంది. మిగిలినవారి సగటు ఫలం స్థిరంగా 0.9 అనుకుందాం. జట్టుకు వంద దాడులు లభించాయి.

స్టార్ వాటా 20 శాతమైతే అతనికి 22, తక్కినవారికి 72, వెరసి 94 పాయింట్లు. వాటా 30 శాతమైతే 31.5, 63, వెరసి 94.5. వాటా 40 శాతమైతే 40, 54, వెరసి మళ్లీ 94. వాటా 60 శాతానికి చేరితే 54, 36, వెరసి 90. వాటా 70 శాతమైతే 59.5, 27, వెరసి 86.5.

ఈ వరుసలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, జట్టుకు అత్యధిక ఫలం 30 శాతం వద్ద లభించింది. రెండవది, ఆ స్థాయిలో స్టార్ సగటు 1.05. తక్కినవారి 0.9కంటే ఇది ఎక్కువే. చూసేవారికి అతడిని తక్కువగా వాడుకుంటున్నట్లు తోస్తుంది. "అతడు ఇంకా మెరుగ్గా ఉన్నాడు కదా, ఇంకొన్ని బంతులు ఇవ్వకూడదా?" అన్న ప్రశ్న ప్రేక్షకులనుంచే కాదు, నిర్వాహకులనుంచి కూడా వస్తుంది. కాని ఆ స్థాయి దాటిన తరువాత అతనికి ఇచ్చిన ఒక్కొక్క అదనపు బంతి వల్ల లభించేది 0.9కంటే తక్కువ. ఎందుకంటే ఆ అదనపు బంతి అతని మిగిలిన షాట్లన్నింటినీ మరికొంత కష్టతరం చేస్తుంది. సగటు ఎంత ఉందన్నది కాదు, అదనపు బంతికి ఎంత లభిస్తుందన్నదే నిర్ణయానికి ఆధారం కావాలి. 60 శాతం వద్ద స్టార్ సగటు సరిగ్గా తక్కినవారి స్థాయికి దిగుతుంది. అప్పుడు జట్టుకు వచ్చే 90 పాయింట్లు, స్టార్ లేకుండా నలుగురే ఆడినా వచ్చేవే.

మూడవది, జట్టు ఫలం తగ్గుతున్నప్పుడు కూడా స్టార్ వ్యక్తిగత స్కోరు పెరుగుతూనే ఉంది: 31.5, 40, 54, 59.5. మరునాడు వార్తలో కనిపించేది ఈ అంకె. ఓడిన జట్టులో అత్యధిక స్కోరు చేసినవాడికి సానుభూతీ, మిగిలినవారికి నిందా దక్కుతాయి. ఓటమికి కారణమైన వ్యూహం ఓటమికి సంజాయిషీగా మారడం ఇలాగే.

5. చారిత్రక నిదర్శనాలు:

అమెరికా ఎన్.బి.ఏ. లీగ్‌లో 1961–62 సీజన్‌లో విల్ట్ చాంబర్లేన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు సాధించాడు. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు చేశాడు. ఈ రెండు రికార్డులూ నేటికీ చెక్కుచెదరలేదు. కాని ఆ ఏడాది అతని జట్టు ఫిలడెల్ఫియా వారియర్స్ డివిజన్ ఫైనల్‌లో బాస్టన్ సెల్టిక్స్ చేతిలో 3–4 తేడాతో ఓడింది. 1966–67లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ తరఫున అతడే సగటున 24.1 పాయింట్లు చేసి, సహచరులకు 7.8 అసిస్టులు ఇచ్చాడు. ఆ జట్టు 81 మ్యాచ్‌లలో 68 గెలిచి ఛాంపియన్ అయింది.

మైకేల్ జోర్డన్ 1986–87లో సగటున 37.1 పాయింట్లు చేశాడు. షికాగో బుల్స్ 40 మ్యాచ్‌లు గెలిచి 42 ఓడి, ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే 0–3తో నిష్క్రమించింది. ఫిల్ జాక్సన్ ప్రధాన శిక్షకుడయ్యాక, టెక్స్ వింటర్ బోధించిన త్రికోణ దాడి పద్ధతిని అనుసరించిన జట్టు 1990–91లో 61 మ్యాచ్‌లు గెలిచి తొలి టైటిల్ సాధించింది. ఆ సీజన్‌లో జోర్డన్ సగటు 31.5. రసెల్ వెస్ట్‌బ్రూక్ 2016–17లో 40 శాతం దాటిన వినియోగ వాటాతో రికార్డు సృష్టించి ఉత్తమ ఆటగాడి పురస్కారం పొందాడు. అతని జట్టు ఒక్లహోమా సిటీ థండర్ మొదటి రౌండులో 1–4తో ఓడింది.

ఈ నిదర్శనాలను జాగ్రత్తగా చదవాలి. చాంబర్లేన్, జోర్డన్ విషయంలో మారింది వాటా ఒక్కటే కాదు. సహచరులు మారారు. స్కాటీ పిపెన్, హొరేస్ గ్రాంట్ షికాగోకు వచ్చింది 1987లో. వ్యతిరేక నిదర్శనమూ ఉంది. 2000–01లో ఫిలడెల్ఫియా దాడి దాదాపుగా అలెన్ ఐవర్సన్ మీదే ఆధారపడింది. అయినా ఆ జట్టు 56 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌దాకా వెళ్లింది. బలమైన రక్షణ అందుకు తోడ్పడింది. అయితే ఫైనల్‌లో లాస్ ఏంజెలిస్ లేకర్స్‌పై మొదటి మ్యాచ్ గెలిచి, తరువాతి నాలుగూ ఓడింది. కాబట్టి ఒక్కరిమీద ఆధారపడిన జట్టు గెలవనే గెలవదని సిద్ధాంతీకరించలేం. దాని ఎదుగుదలకు ఒక పైకప్పు ఉంటుందనీ, ఆ పైకప్పును నిర్ణయించడంలో సహచరుల పాత్ర ప్రధానమనీ మాత్రం చెప్పవచ్చు.

6. మన నియమావళిలో ఈ పరిమితి మరింత కఠినం:

టెలివిజన్‌లో చూసిన ఎన్.బి.ఏ. ఆటను మన కళాశాల జట్లు అనుకరించడంలో ఒక చిక్కు ఉంది. మన పోటీలు అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాలను అనుసరిస్తాయి. ఎన్.బి.ఏ.లో 2001 వరకు జోన్ రక్షణ నిషిద్ధం. ఆ తరువాత అనుమతించినా, ప్రత్యర్థి ఎవరినీ కాపలా కాయని రక్షకుడు బాస్కెట్ ముందున్న ప్రాంతంలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న నిబంధన చేర్చారు. ఫిబా నియమాలలో ఈ నిబంధన లేదు. పొడవైన రక్షకుడు బాస్కెట్ కిందే పాతుకుపోయి నిలబడవచ్చు. నలుగురు జోన్‌లో నిలిచి, ఐదవవాడు స్టార్‌ను మాత్రమే నీడలా వెంటాడే 'బాక్స్ అండ్ వన్' పద్ధతికీ అడ్డులేదు. దూరంనుంచి షాట్ వేయగల సహచరులు లేనప్పుడు ఈ రక్షణను ఒంటరిగా ఛేదించడం ఎంతటివాడికైనా కష్టం.

ఫౌళ్ల లెక్క మరొకటి. ఎన్.బి.ఏ.లో 48 నిమిషాల ఆటలో ఆరవ ఫౌల్‌తో ఆటగాడు వైదొలగాలి. ఫిబా ఆట 40 నిమిషాలు, ఐదవ ఫౌల్‌కే నిష్క్రమణ. స్టార్ మూడవ క్వార్టర్‌లోనే నాలుగు ఫౌళ్లు చేస్తే శిక్షకుడు అతడిని బెంచీ మీద కూర్చోబెట్టక తప్పదు. అంతవరకు పాస్ ఇచ్చి పక్కకు జరగడమే పనిగా ఉన్న నలుగురు, 24 సెకన్లలో తమంతట తాము దాడిని నిర్మించుకోవలసి వస్తుంది. సాధనలో ఎన్నడూ చేయని పనిని పోటీలో చేయమనడమే ఇది.

7. బలమైన ఆక్షేపణ:

"నలుగురి సగటు 0.9 అన్నది మీ ఊహ. మా జట్టులో అది 0.6 మాత్రమే" అని శిక్షకుడు అనవచ్చు. ఈ ఆక్షేపణ సమంజసమైనదే. పై లెక్కలో 0.9కి బదులు 0.6 ఉంచితే, జట్టుకు అత్యధిక ఫలం స్టార్ వాటా 60 శాతం వద్ద లభిస్తుంది. అంటే బలహీనమైన జట్టు తన స్టార్ మీద అధికంగా ఆధారపడటం, ఆ పూట మ్యాచ్‌వరకు, సరైన నిర్ణయమే.

అయితే ఆ 0.6 ప్రకృతి నిర్ణయించిన సంఖ్య కాదు. అది సాధన ఫలితం. బంతి చేతికి అందని ఆటగాడు షాట్ నేర్చుకోడు. షాట్ వేయలేనివాడిని ప్రత్యర్థి కాపలా కాయడు. ఆ రక్షకుడు వెళ్లి స్టార్ మీద పడతాడు. అప్పుడు స్టార్ పని మరింత కష్టమవుతుంది, నలుగురి సామర్థ్యం మీద నమ్మకం మరింత సన్నగిల్లుతుంది. ఈ సంవత్సరపు సరైన నిర్ణయం వచ్చే సంవత్సరం దానినే అనివార్యం చేస్తుంది. స్టార్ పట్టా పుచ్చుకొని వెళ్లిపోయిన నాడు జట్టులో మిగిలేది మూడేళ్లు పక్కన నిలబడిన అలవాటు మాత్రమే. కళాశాల ఆట లక్ష్యం విద్యార్థులందరి శిక్షణ అనుకుంటే, ఈ నష్టం ఓడిన మ్యాచ్‌కంటే పెద్దది.

కనుక పోటీలో ఎవరికి బంతి ఇవ్వాలన్న ప్రశ్నకంటే, సాధనలో నలుగురి సామర్థ్యాన్ని ఎలా పెంచాలన్న ప్రశ్న మౌలికమైనది. దీనికి హైదరాబాద్ క్రీడాచరిత్రలోనే ఒక సమాధానం ఉంది. అది బాస్కెట్‌బాల్‌ది కాదు, ఫుట్‌బాల్‌ది.

8. రహీం సాధనపద్ధతి:

అబిడ్స్‌ను ఆనుకొని ఉన్న ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం, నగర క్రీడాజీవనానికి కేంద్రం. 20వ శతాబ్ది మధ్యకాలంలో ఈ నగరానికి దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చిన ఆట ఫుట్‌బాల్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉస్మానియా పట్టభద్రుడు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది.

బంతిని కాళ్లమధ్య ఆడిస్తూ ఒక్కరే ముందుకు దూసుకుపోయే డ్రిబ్లింగ్ ఆనాటి ప్రేక్షకులను అలరించే విద్య. రహీం డ్రిబ్లింగ్ నిషిద్ధమన్న నిబంధనతో టోర్నమెంట్లు నిర్వహించారు. బంతి అందిన వెంటనే మరొకరికి అందించక తప్పని ఆ ఆటలో, బంతి లేనివారు సరైన చోటికి కదలడం, అందుకునేముందే చుట్టూ చూసుకోవడం, సహచరుడి కదలికను ఊహించడం అలవడతాయి. ఉపదేశంతో చెప్పదలచినదాన్ని ఆయన నిబంధనగా మార్చారు. ప్రతిభావంతుడిని తగ్గించే ప్రయత్నం ఇందులో లేదు. ప్రతిభావంతుడికి తగిన సహచరులను తయారుచేసే ప్రయత్నం ఉంది.

1962 జకార్తా ఆసియా క్రీడల జట్టు దీని ఫలితాన్ని చూపుతుంది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరామ్ – ముగ్గురూ స్టార్లే. దాడి ఏ ఒక్కరి సొత్తూ కాలేదు. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, రహీం ఆయనను ముందువరుసకు పంపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లో గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి గోల్ చేశారు. దక్షిణ కొరియాతో ఫైనల్‌లో 2–1 విజయానికి కారణమైన గోల్స్ బెనర్జీవి, జర్నైల్‌వి.

ఫుట్‌బాల్‌లో పదకొండుమంది, బాస్కెట్‌బాల్‌లో ఐదుగురు. కనుక బాస్కెట్‌బాల్‌లో ఒక్కరి ప్రభావం సహజంగానే ఎక్కువ. ఈ భేదాన్ని విస్మరించి ఒక ఆట నిర్ణయాలను మరొక ఆటకు యథాతథంగా అన్వయించకూడదు. అయితే సాధన నిబంధనల ద్వారా సహచరుల సామర్థ్యాన్ని పెంచవచ్చన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

9. అన్వయం:

కళాశాల వ్యాయామ విద్యావిభాగాలు ఈ సూత్రాన్ని ఖర్చులేకుండా పరీక్షించవచ్చు. సాధనలో కొంత సమయం డ్రిబ్లింగ్ లేకుండా, పాస్‌లతోనే ఆడించవచ్చు. ఐదుగురూ బంతి తాకిన తరువాతే షాట్ వేయాలన్న నియమం పెట్టవచ్చు. స్టార్‌ను ప్రత్యర్థి పక్షాన ఉంచి, మిగిలినవారు అతనికి ఎదురాడేలా చేయవచ్చు. వారానికొకసారి అతడిని పూర్తిగా బయట కూర్చోబెట్టి ఆడించడం, ఐదవ ఫౌల్ పడిన నాటికి చేసుకునే ముందస్తు సన్నాహం.

పరిశోధకులకు కావలసిన దత్తాంశం ఒక నోటుపుస్తకంతో సేకరించవచ్చు. ప్రతి దాడికీ మూడు అంశాలు రాసుకుంటే చాలు: ఎవరు ముగించారు, ఎన్ని పాస్‌ల తరువాత, ఎన్ని పాయింట్లు వచ్చాయి. ఒక సీజన్ మ్యాచ్‌లన్నింటికీ ఇలా నమోదు చేస్తే, స్టార్ వాటా పెరిగిన మ్యాచ్‌లలో అతని సగటు ఎలా మారిందో, అతడు బెంచీ మీద ఉన్నప్పుడు జట్టు ఎలా ఆడిందో తెలుస్తుంది. ఊహాసంఖ్యల స్థానంలో మన జట్ల సంఖ్యలు వస్తాయి.

10. ముగింపు:

స్టార్ ఆటగాడు జట్టుకు వరం. ఆ వరాన్ని ఎంత వాడుకోవచ్చో నిర్ణయించేది తక్కిన నలుగురి సామర్థ్యం. అతని సగటు ఇతరులకంటే మెరుగ్గా ఉన్నప్పుడే బంతిని ఇతరులకు పంపడం మొదలుపెట్టాలని లెక్క చెబుతుంది. చూసేవారికి ఇది వృథాగా తోచినా, జట్టుకు లాభం అక్కడే ఉంది. బలహీనమైన జట్టుకు ఈ సూత్రం ఈరోజే వర్తించకపోవచ్చు. అటువంటి జట్టు శిక్షకుడు మ్యాచ్‌లో స్టార్ మీద ఆధారపడినా, సాధనలో ఆధారపడకూడదు. ఆ నలుగురికి సాధనలో ఎన్నిసార్లు బంతి అందిందన్న దానిమీదే వచ్చే సంవత్సరం జట్టు స్థాయి ఆధారపడి ఉంటుంది.